ఇరవై డిగ్రీలు

పెట్టె మూత లోపల చిన్న అక్షరాల్లో ఉంది:
ఇరవై డిగ్రీల దగ్గర మాత్రమే
ఈ దిమ్మెలు రాసినంత పొడవు ఉంటాయని.

అనంతపురం పాలిటెక్నిక్, మెట్రాలజీ ల్యాబు.
మార్చికే గోడలు పెనాలు.
మేలో పాదరసం నలభై మూడు దాటితే
నూరు మిల్లీమీటర్ల ఉక్కు
ఇరవై ఆరు మైక్రాన్లు ఒళ్ళు విరుచుకుంటుంది.
ఏసీ కావాలని పంపిన ఫైలు ఏ బీరువాలో ఉందో.
కుళ్ళాయప్ప తడిపి కట్టిన గోనెపట్టలు
పన్నెండుకల్లా అప్పడాలు.

పిల్లలకు సున్నా దోషం తీసేయడం నేర్పిస్తాను నేను.
వాళ్ళు ముందు రికార్డులో జవాబు రాసుకుని
తర్వాత వెర్నియర్ తెరుస్తారు.
కుళ్ళాయప్ప ఏమీ అనడు. అటెండరు. పదో తరగతి తప్పాడు.
వాళ్ళ చెమట వేళ్ళు తాకిన ప్రతి దిమ్మెనూ
మెత్తటి తోలుతో తుడిచి, వాసలీను పూసి
దాని గుంతలో దాన్ని పెడతాడు.

జనవరిలో ఒకరోజు అడిగాడు:
"రేపు తెల్లారుజామున నాలుక్కి రాగలరా మేడం?
నెలాఖరుకు నేను దిగిపోతా."

వెళ్ళాను. మంకీ క్యాపు, కిటికీలన్నీ బార్లా.
రాత్రంతా అక్కడే ఉన్నాడని ఫ్లాస్కు చెప్పింది.
గ్రానైటు బల్ల మీద పాత పెట్టె, కొత్త పెట్టె
పక్కపక్కన చలి తాగుతున్నాయి.
"రెండూ ఒకే తీరున పెరుగుతాయి కదా,
పగలే పోల్చొచ్చు" అన్నాను, చదువుకున్నదాన్ని.
"అది లెక్క మేడం.
ముప్పై ఏండ్లు తుడిచినా.
ఒకతూరి దీన్ని దాని సొంత పొడుగులో సూడాల."

ఇరవై ఒకటి. ఇరవై ఒకటి.
గుత్తి రోడ్డు మీద ఏదో లారీ గేరు మార్చింది.
ఇరవైన్నర.
ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలాం.
ఇరవై.

కంపారేటరు కింద మొదట కొత్త ఇరవై ఐదు: సున్నా.
తర్వాత పాతది.
సూది రెండు గీతలు వెనక్కి జరిగి
అక్కడే నిలబడింది.

రెండు మైక్రాన్లు.
దీన్ని నమ్మి సరే అన్న షాఫ్టులు, కాదన్న బుష్షులు
ఏ బోరు మోటారులో తిరుగుతున్నాయో,
ఏ తుక్కు కుప్పలో పడున్నాయో.
ఎవరికీ చెప్పొద్దులే అన్న మాట
నా నాలుక చివరిదాకా వచ్చింది.
అతను అప్పటికే రిజిస్టరు తెరిచాడు.
వంకర అక్షరాలు, గట్టిగా నొక్కి:
"25 దిమ్మె. రెండు మైక్రాన్లు అరిగింది.
తుడిచినందువల్ల."
కింద సంతకం.

ఏడింటికి తూర్పు కిటికీలోంచి ఎండ బల్లెక్కింది.
దిమ్మెలు మెల్లగా మళ్ళీ మా ఊరివయ్యాయి.
కుళ్ళాయప్ప టోపీ తీసి
చల్లారిన టీ నాకూ కాస్త పోశాడు.
అప్పటికి ఇరవై మూడు.