ఎంచుకున్న మాట

యాప్ లోపల ఒక కిటికీ పెట్టాను,
గోడకి కాదు, తెరకి.
అవతల ఇంకో లోకం. పేజీ అంటారు దాన్ని.
ఇవతల నేను, నా బటన్లు,
ఉలాన్‌బాతర్‌లో పదో అంతస్తు,
బొగ్గు పొగకి మసకేసిన అసలు కిటికీ.

మా పాత లిపి నిలబడే లిపి.
గుర్రం దిగే మనిషిలా పైనుంచి కిందికి దిగుతుంది,
నేల తాకాక పక్కకి ఒక్క అడుగు,
మళ్లీ పైనుంచి.
యంత్రం దాన్ని పడుకోబెట్టింది.

ఒక్క వరుస స్టైలు లోపలికి పంపాను:
నిలువుగా రాయి.
ఏమీ కాలేదు.
పేజీ ఇంకా తెరుచుకోనే లేదు,
తాళం వేసిన ఇంటి గుమ్మానికి చెప్పొచ్చిన కబురైంది.
లోపల్నుంచి "వచ్చేశాను" అనేదాకా ఆగి
అప్పుడు చెప్పాను.
అక్షరాలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.
పక్క బల్ల దగ్గర ఒద్వాల్ కూడా లేచింది, ఎందుకో.

పది రోజులకి మందల్‌గోవ్ నుంచి
దూల్మా టీచరు ఫోన్.
"తమ్ముడూ, మాటని ఎంచుకుంటున్నాను,
నీలంగా మెరుస్తోంది.
ముదురు చేసే బటన్ నొక్కుతున్నాను,
నీలం పోతోంది.
మాట మాత్రం అలాగే, సన్నగా,
ఏమీ ఎరగనట్టు."
"ఏ మాట?" అన్నాను, పని కోసమే.
"ఖొంగొర్."

మేం గుర్రానికి పేరు పెట్టం. ఒంటి రంగే పేరు.
ఖొంగొర్ అంటే
ఎండిన గడ్డి మీద పొద్దు వాలినప్పటి రంగు.
నిరుడు జుద్ వచ్చింది,
మంచు గడ్డకట్టి గడ్డికి తాళం వేసే చలికాలం.
ఆమె ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.
లైన్లో కాసేపు గాలి వినిపించింది.

తప్పు దొరికేసరికి రాత్రి రెండు.
వేలు బటన్ మీదికి వెళ్లగానే
అవతలి లోకం మాట మీద పట్టు వదిలేస్తోంది.
పనిముట్టు కోసం చెయ్యి చాపేలోపు
పనేమిటో మరిచిపోవడం,
వంటింట్లోకొచ్చి
ఎందుకొచ్చానబ్బా అని నిలబడ్డట్టు.
అందుకని ముందే రాసిపెట్టుకోవాలి,
మాట ఎక్కడ మొదలు, ఎక్కడ చివర.
నొక్కాక తిరిగి అక్కడికే వెళ్లి
దాన్ని మళ్లీ పట్టుకుని, అప్పుడు ముదురు.
పదకొండు వరుసల కోడు.
మధ్యలో ఒక్క కొటేషన్ గుర్తు జారితే
పేజీ మొత్తం తెల్లబోయింది, నాతోపాటు.

తెల్లారేసరికి పని చేసింది.
ఆ ఊపులో రంగుల పెట్టె కూడా జోడించాను.
"కోటీ అరవై ఏడు లక్షల రంగులక్కా," అన్నాను గొప్పగా.

ఆదివారమంతా వెతికిందట.
"లేదు తమ్ముడూ. దగ్గరివి ఉన్నాయి.
దగ్గరివి నాకొద్దు."

ఆమె పంపిన ఫొటో:
తొమ్మిది నిలువు వరుసలు, సన్నగా,
మంచులో నిలబెట్టిన కట్టెల్లా.
నాలుగో దాంట్లో ఒక మాట, నల్లగానే,
కాస్త బరువుగా.

రంగుల పెట్టె తీసెయ్యనా అంది ఒద్వాల్.
వద్దన్నాను.
చివర్న ఒక ఖాళీ గడి చేర్చాను.
నొక్కితే ఏమీ కాదు.
దాని మీద ఇప్పటికి మూడు ఫిర్యాదులొచ్చాయి.
సరిచేయలేదు.