తొంభై రోజులు

డిస్కు తొంభై రెండు శాతం నిండిందని
పొద్దుట్నించీ ఎర్ర లైటు.
గుంటూరు మిర్చి యార్డు వెనక, మా కోల్డ్ స్టోరేజీలో
టిక్కీలకైతే ఒక లెక్కుంది:
కొత్త కాయ దిగేలోగా పాత సరుకు ఎత్తెయ్యాలి,
ఎత్తకపోతే అద్దె, ఆ పైన పురుగు.

కంప్యూటర్లకి కాపలా పెట్టిన సాఫ్ట్‌వేరు మాత్రం
నాలుగేళ్లుగా ఏదీ పారెయ్యలేదు.
ఎవరు ఏ ఫైలు తెరిచారు,
ఎవరి పెన్‌డ్రైవు ఎన్నింటికి గుచ్చుకుంది,
ఎవరి వేలు ఏ అక్షరం మీద జారింది,
అన్నీ దాచింది,
పిసినారి ముసల్ది చిరిగిన గోతాలు దాచినట్టు.

ఓనరు ఫోన్లో అన్నాడు:
"తొంభై రోజులు దాటినవి తీసెయ్ రమీజా.
రోజూ నువ్వు కూర్చోవద్దు, దానంతటదే పోయేట్టు పెట్టు."

సరే. ప్రతి ఆదివారం, తెల్లారుజామున రెండుంబావు.
ముఠా వాళ్లు కూడా ఒళ్లు తెలీకుండా నిద్రపోయే వేళ.

పెట్టేముందు ఒకసారి అడుక్కంటా దిగాను.
యేసోబు గారు, రాత్రి కాపలా.
రిజిస్టరు ముగించడానికి రోజూ ఉదయం ఆరు పదికి
తప్పు పాస్‌వర్డు,
తప్పు పాస్‌వర్డు,
మూడోసారికి లోపలికి.
సాఫ్ట్‌వేరు దాన్ని అనుమానాస్పద ప్రయత్నం అంది.
నాకు తెలుసు, అది శుక్లం.
దసరా వెళ్లాక ఆపరేషనైంది,
మొదటిసారికే తలుపు తెరుచుకుంది.
ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఏ హెచ్చరికా రాలేదు.

ఇంకొంచెం పైకొస్తే, నేను.
రాత్రి తొమ్మిదీ నలభై. జీతాల ఫైలు. నాలుగు నిమిషాలు.
నా తర్వాత రెండేళ్లకి చేరిన పూర్ణచంద్రరావుకి
నాకంటే ఆరువేలు ఎక్కువని తెలియడానికి
అర నిమిషం చాలు.
మిగతా మూడున్నరా ఊరికే చూస్తూ కూర్చున్నా.
ఆ రోజు యార్డుకి సెలవు,
కళ్ల నీళ్లు ఘాటు మీదికి నెట్టడానికీ లేదు.

ఎవరూ అడగలేదు.
ఇవాళ శనివారం, దాని వయసు ఎనభై ఏడు.

గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
తొంభై బదులు ఎనభై కొడితే
ఈ రాత్రికే నేను ఆ ఫైలు తెరవనిదాన్ని.
ఒక్క అంకె.

తొంభై అనే కొట్టాను.

ఇంకో వారం ఆ నాలుగు నిమిషాలూ అక్కడే ఉంటాయి.
సోమవారం ఓనరొస్తాడు.
చూశానని నేనే చెప్పి, ఆరువేలూ అడుగుతాను,
సాక్ష్యం బతికుండగానే.

యేసోబు గారి పాత ఉదయాలు మాత్రం
ఈ రాత్రే పోతాయి.
రేపు ఆరు పదికి వచ్చేసరికి
ఆయన జన్మలో తప్పు కొట్టని మనిషి.