చిటికెన వేలు

పిక్క కొట్టేముందు
అరచేతులకి ఆముదం, దాని మీద బూడిద.
అయినా జీడి ఊరుకోదు.
వేలి కొసల్లోకి దూరి
చర్మం మీది గీతల్ని ఒక్కోటీ తినేస్తుంది.
మా అమ్మ దాలమ్మకిది పదహారేళ్ళ పని,
నాకు మూడు వేసవుల పని.

కాశీబుగ్గలో మా వీధికి
పొద్దు కంటే ముందు వాసన తెల్లారుతుంది.
బాయిలర్ పొగ కళ్ళలో పడుతుంటే
లిమిట్స్ చదివాను.
ఎక్స్ సున్నాకి దగ్గరవుతుంది, దగ్గరవుతుంది,
చేరదు.
"సేరందానికి ఇంత లెక్కేటే గుంటా?"
అంది అమ్మ, పిక్కల గోనె విప్పుతూ.

పుస్తకం పాతది. మందస కుర్రాడెవడో వాడినది.
పెన్సిల్ టిక్కులు చెరిపేశాడు గాని
కాగితం మీద నొక్కు పోలేదు.
వేలితో తడిమితే వాడి తప్పులన్నీ తెలిసేవి:
చక్రాలు దొర్లే లెక్కలంటే భయం,
ఆర్గానిక్‌లో తొందర.
నూట డెబ్బై మూడో పేజీ మూలన
'అమ్మకి ఫోన్ చెయ్యాలి' అని రాసుకున్నాడు.
చేశాడో లేదో.
ఆ పేజీ దగ్గర నేనెప్పుడూ ఒక నిమిషం పోగొట్టుకునేదాన్ని.

నెగిటివ్ మార్కులంటే ఏమిటో
అమ్మకి నేను చెప్పనక్కర్లేదు.
గుండు గుండులా వస్తే కూలి,
బద్దైతే కోత,
ముక్కలైతే సేటు తూకం వెయ్యడు, ఒక చూపు వేస్తాడు.
"తెలీందాన్ని కొట్టకు. ఒగ్గీయ్.
ఒగ్గీసిందానికి కోతుండదు గదా."
విశాఖలో లక్షలు కట్టి నేర్చుకునే మాట ఇదేనట,
ఆ తర్వాత ఎవరో అంటే విన్నాను.

పరీక్ష రోజు చీకటితోనే పాసింజరెక్కాను.
శ్రీకాకుళం రోడ్డులో దిగి, ఆటోలో తొమ్మిదో మనిషినై,
సెంటర్ గేటు దగ్గర
ముక్కుపుడక తీశాను, జడ పిన్నులు తీశాను,
చేతికున్న దారం కత్తెరతో వాళ్ళే తీశారు.
హాల్‌టికెట్ మీద కోరాడ ఢిల్లేశ్వరి.
ఫోటోలో రెండు చెవులూ కనబడాలన్నారు,
కనబడ్డాయి.

"బొటనవేలు పెట్టమ్మా."
ఎర్ర లైటు.
"తుడిచి పెట్టు."
ఎర్ర లైటు.
చూపుడు వేలు. ఎర్ర లైటు.
వెనక లైన్లో ఒకమ్మాయి
కళ్ళు మూసుకుని ఫార్ములాలు గొణుగుతోంది,
దేవుడికీ న్యూటన్‌కీ కలిపి ఒకే దండం.
"ఏం పని చేస్తావమ్మా?" అన్నాడాయన, నా వేళ్ళు తిప్పి చూస్తూ.
"చదువుకుంటానండి."
అబద్ధం కాదు.
పూర్తిగా నిజమూ కాదు.
గోడ గడియారంలో ఎనిమిదీ ఇరవై రెండు.
ఎనిమిదిన్నరకి గేటు మూస్తారు.
మూడేళ్ళుగా తిన్న పుస్తకాల్లో
ఏ పేజీలోనూ లేని ప్రశ్న ఇది.

అప్పుడు గుర్తొచ్చింది రేషన్ డిపో.
ప్రతి నెలా డీలరు విసుక్కోకముందే
అమ్మ చెయ్యి పక్కకి తిప్పేస్తుంది.
పిక్క కొట్టేటప్పుడు
నాలుగు వేళ్ళూ జీడిలో మునిగినా
చిటికెన వేలొక్కటే దూరంగా నిలబడుతుంది,
పెళ్ళికి పిలవని చుట్టంలాగ.
దాని గీతలు దానికున్నాయి.

"చిటికెన వేలు పెడతానండీ."
ఆయన నా మొహం చూశాడు.
పక్క టేబులాయన్ని చూశాడు.
"సరే, పెట్టు."

పచ్చ లైటు.

లోపల చల్లగా ఉంది. ఏసీ గాలికి
ఆముదం వాసన నా నుంచి నాకే కొట్టింది.
మొదటి ప్రశ్న తెలిసిందే.
రెండోది తెలీదు.
ఒగ్గీశాను.

రాత్రి ఇంటికొచ్చేసరికి
గడపలో కూర్చుని ఉంది అమ్మ.
ఎలా రాశావనలేదు, ఎన్నొస్తాయనలేదు.
"ఏలు పడిందేటే?" అంది.

పడిందన్నాను.
అప్పుడు లేచి అన్నం పెట్టింది.