గాలింపు

సమాయిల్ ఊరి చివర రేకుల షెడ్డులో
నా పని రాయిని పిండి చేయడం.
దవడ మిషన్‌లో వేస్తే పటపటా నములుతుంది,
ముందు కంకర, తర్వాత ఇసుక, ఆఖరికి జొన్నపిండంత మెత్తన.
మాస్కు కట్టుకున్నా నాలుక మీద రాయి రుచి.

తర్వాత నీళ్ల బల్ల.
వాలుగా ఉండి వణుకుతుంటుంది.
తేలికైనది కొట్టుకుపోతుంది,
బరువైనది అంచు పట్టుకుని మొండికేస్తుంది.
మా అమ్మ బియ్యం గాలించినట్టే.
కాకపోతే ఆమె రాళ్లు పారబోసి బియ్యం ఉంచుకునేది,
నేను కొండంతా పారబోసి
చిటికెడు రాళ్లు ఉంచుకుంటాను.

అవే జిర్కాన్లు.
సూది మొనకు అంటుకొచ్చేంతవి.
మైక్రోస్కోపు కింద తేనె రంగు,
రెండు కొసలా చెక్కిన పెన్సిల్ ముక్కలు.

"ఈ కొండ ఒకప్పుడు సముద్రం అడుగు, బోశెట్టీ"
అంటుంది డాక్టర్ షంసా, హిందీలో అరబ్బీ కలిపి.
అరబ్బీలో 'ప' లేదు.
ఆమె నోట నేను బోశెట్టిని.

"కరిగిన రాయి చల్లబడేటప్పుడు ఇది గడ్డకడుతుంది.
యురేనియాన్ని లోపలికి రానిస్తుంది,
సీసాన్ని గడప తొక్కనివ్వదు.
అయినా ఇవాళ కాల్చి చూస్తే సీసం ఉంది.
ఎక్కడిది?
లోపలే పుట్టింది, యురేనియం కొంచెం కొంచెంగా చచ్చి.
అదెంతో లెక్కిస్తే రాయి వయసు."

తలూపాను.
రానివ్వననుకున్నది లోపలే పుట్టడం
నాకు కొత్త కాదు.

తొమ్మిది కోట్ల అరవై లక్షల ఏళ్లు,
అటో ఇటో మూడు లక్షలు, అని కాగితం వచ్చింది.

నా పాస్‌పోర్టులో పుట్టిన తేదీ జూలై ఒకటి.
బడిలో రాజలింగం సారు వేసింది.
వయసు చాలదని ఏజెంటు ఇంకో రెండేళ్లు వెనక్కి జరిపాడు.
అమ్మకు తెలిసిందల్లా
కోరుట్ల బస్సు బోర్లాపడిన ఏడాది, మక్కలు ఒలిచే రోజులు.
నా తేదీకి అటో ఇటో ఎంతో
ఎవరూ రాయలేదు.

ఒకనాడు తెరమీద ఒక గింజ.
ఉల్లిపొరల్లా వెలుగు గీతలు,
నడుమ మూలలరిగిన నల్లటి ముక్క.
"ఇది ఇక్కడిది కాదు" అంది షంసా, కుర్చీ ముందుకు లాక్కుని.
ఎనభై కోట్ల ఏళ్లదట.
ఏ పాత నేల మట్టితోనో కిందికి జారి
కరుగుతున్న రాతిలో పడి,
చుట్టూ అంతా కరిగినా తాను కరగక
కొత్త పొర కప్పుకుని పైకొచ్చిందట.
ఈ మాగ్మా పుట్టు పూర్వోత్తరాలకు
అదొక్కటే సాక్షి.

ఆ రాత్రి క్యాంపులో గాలింపు.
టార్చిలైట్లు, బతాకా చూపించమని కేకలు.
సిల్హెట్ మోతాలిబ్ బతాకా గడువు దాటి పదకొండు నెలలు.
ఖల్లివల్లి.
తెల్లారేసరికి మంచం కింద అతని చెప్పులు,
ఒకటి బోర్లా.

షెడ్డులో టీ కాచుకునే గట్టుకు
గోధుమ రంగు మీద నల్ల మచ్చల రాయి.
మొదటి రోజే గుర్తుపట్టాను, చేత్తో తడిమి.
కరీంనగర్ రాయి.
పదిహేడో ఏట ఆ క్వారీలోనే
వైరు కోతకు నీళ్లు పట్టాను.
మూల విరిగిన ముక్క ఒకటి దాచి,
ఒక గురువారం సాయంత్రం అందరూ వెళ్లాక
దవడ మిషన్‌లో వేశాను.

షంసా పట్టుకుంది. తిట్టలేదు.
ఫారం తీసింది: నమూనా నంబరు, తీసిన చోటు, తీసినవారు.
"తీసిన చోటు?"
"టీ గట్టు."
నవ్వింది. "కాదు, అంతకు ముందు."
ఊరి పేరు చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

రెండు వందల యాభై కోట్లు.
కిటికీ అవతలి కొండ
దాని ముందు పళ్లు రాని పిల్ల.

తీసినవారు అన్నచోట ఆమె నా పేరు రాసింది,
కింద ఒక్క చుక్క.
మెట్‌పల్లి బస్టాండు ఉర్దూ బోర్డు మీద
'ప' కింద మూడుంటాయి.
ఆమె టీకి లేచాక
పెన్ను తీసుకుని
మిగిలిన రెండూ నేనే పెట్టాను.