అస్పష్టం, రెండు సెకన్లు

టేపు విని కాగితం మీద పెట్టడం నా పని.
లిస్బన్‌లో మూడో అంతస్తు, కిటికీ లేని గది,
చెవులకి నల్ల డిప్పలు,
కాలి కింద పెడల్. నొక్కితే కాలం వెనక్కి నడుస్తుంది.
ఇరవై ఆరేళ్లుగా ఇంతే.
నేను విమానం ఎక్కింది మాత్రం మూడుసార్లే.

ఈ టేపు అసోర్స్ దీవులది. ఫయాల్.
ఎదురుగా, సముద్రం పాయకి అవతల, పీకో కొండ
ఆ సాయంత్రం తలమీదుగా మబ్బు లాక్కుని
ఉందో లేదో తెలియనివ్వకుండా ఉంది.

టవర్‌లో ఇదలీనా. గొంతు బొంగురు, జలుబేమో.
మూడుని "ట్రీ" అంటుంది, తొమ్మిదిని "నైనర్" అంటుంది.
గాలిలో అంకెలు అరిగిపోతాయని
వాటి కాళ్లకి కొట్టిన లాడాలవి.
అయినా అరుగుతాయి.

పడమటి నుంచి, దీవుల మధ్య తిరిగే చిన్న విమానం, ఫోర్ వన్ ఎయిట్.
తూర్పు నుంచి, కొండకి అవతల,
చేపల పెట్టెల కోసం వస్తున్న సరుకు విమానం, ఫోర్ ఎయిట్ వన్.
అవే మూడంకెలు, కూర్చున్న వరుసే వేరు.
కవలల్లో ఒకణ్ణి చీకట్లో పిలిస్తే
ఇద్దరూ లేచినట్టు.

"ఫోర్ వన్ ఎయిట్, రెండు వేల అడుగులకి దిగు."

ఆ తర్వాత
ఒక ఈల.
సానరాయికి కత్తి ఆనించినట్టు, రెండు సెకన్లు.
దాని చివర, కడిగినట్టు శుభ్రంగా, ఒక్క "ఎయిట్".

ఇదలీనా ఆ తోక పట్టుకుంది.
తోక తనదే కాబట్టి ఆవు కూడా తనదే అనుకుంది.
ఆమెని ఏమనగలను?
వినబోయేది ఏమిటో చెవికి ముందే తెలుసు,
గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది,
వచ్చిన మాట మొహం సరిగా చూడకుండానే
రా రా, నీకోసమే, అంటుంది.

ఆ ఈలని నేను నాలుగో వంతు వేగానికి తగ్గించాను.
అడుగున, బురదలో పాదముద్రలా, ఇంకో గొంతు.
గుంటిస్ అనే లాత్వియా మనిషి, ర కారం మీద కాస్త బరువు.
"ఫోర్ ఎయిట్ వన్, రెండు వేలకి దిగుతున్నాం."

ఇద్దరూ ఒకే క్షణాన బదులిచ్చారు.
రేడియో దారి ఇరుకు, ఒక్క మాటే పడుతుంది,
రెండు దూరితే రెండూ చస్తాయి.
చచ్చాయని పలికినవాళ్లకే తెలియదు.
సరైన మాట చాటున తప్పు మాట దాక్కుంది,
దిద్దేవాళ్లకి దొరక్కుండా.

కొండ ఏడు వేల ఏడు వందల అడుగులు.
అతను తొమ్మిది వేల నుంచి దిగడం మొదలుపెట్టాడు.

పాతిక సెకన్లు ఎవరూ మాట్లాడలేదు.
నా కాగితం మీద అది ఒక చిన్న గీత.
ఆ గీత గీయడానికి
నేను కుర్చీలోంచి లేచి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చోవలసి వచ్చింది.

అప్పుడు, ఎవరూ పిలవని గొంతు,
రన్‌వే పక్కన వంతు కోసం ఆగిన విమానంలోంచి,
నోట్లో ఏదో నములుతూ:
"బ్లాక్డ్. ఇద్దరు మాట్లాడారు."

అంతే. తన పేరు చెప్పలేదు.
నిబంధనల ప్రకారం అదీ తప్పే.

ఇదలీనా గొంతులో బొంగురు పోయింది.
"ఫోర్ ఎయిట్ వన్, నీ ఎత్తు చెప్పు."
"ఎనిమిది వేల నాలుగు వందలు. దిగుతున్నాం."
"ఎక్కు. తొమ్మిది వేలకి ఎక్కు. వెంటనే."
ఎక్కాడు.
చదివి వినిపించమంది. వినిపించాడు.
మళ్లీ అడిగింది. మళ్లీ వినిపించాడు,
ఒక్కో అంకె విడివిడిగా,
అప్పు తీరుస్తూ నాణేలు లెక్కపెట్టినట్టు.

నివేదికలో కారణాల జాబితా ఉంటుంది, అది నా పని కాదు.
ఆ నమిలే గొంతుకి ఎదురుగా
"గుర్తించని స్వరం" అని టైపు చేశాను.

టేపు చివర్లో, చక్రాలు నేల తాకాక,
గుంటిస్ వచ్చీరాని పోర్చుగీసులో అంటాడు:
"ఒబ్రిగాదు. ఎవరో గానీ, వాళ్లకి."

దానికి జవాబు, మళ్లీ ఒక ఈల.
ఇద్దరో ముగ్గురో ఒకేసారి బటన్ నొక్కినట్టున్నారు.
(అస్పష్టం, రెండు సెకన్లు) అని రాశాను.

దాన్ని మాత్రం వేగం తగ్గించి వినలేదు.