మట్టి లేని బండి

ఆటోనగర్ రెండో క్రాసులో
రూతమ్మ టీచరు చేతక్‌కి
ఇది మూడోరోజు స్నానం.

మట్టి రేణువు కనబడితే
న్యూజిలాండు రేవులో దింపనివ్వరట.
బండి వెల పన్నెండు వేలు,
ఓడ చార్జీ లక్షా నలభై.
"లెక్కలు నేను చూసుకుంటా బాజీ, నువ్వు కడుగు" అందావిడ.
ముప్పైయేళ్లు లెక్కలే చెప్పిన మనిషి.

టూత్‌బ్రష్షుతో మడ్‌గార్డు అంచులు గీకాను.
బందరు కాలవ గట్టు నల్లమట్టి,
సీతానగరం ఇసుక,
సీటు కింద
ఏ గుంటూరు యార్డు టిక్కీలోంచి రాలిందో
ఒక్క మిరపగింజ.
కళ్లు మండాయి. ఘాటువల్లే అనుకోండి.

చాసిస్ మీద కాయితం పెట్టి పెన్సిలుతో రుద్దితే
నంబరు తెల్లగా తేలింది.
ఎన్‌వోసీకి ఒకటి, కస్టమ్స్‌కి ఒకటి,
నాకొకటి ఎందుకు తీసుకున్నానో తెలీదు.

పెట్రోలు చుక్క లేకుండా పిండేశాను.
ఎడమ డొప్ప మీది సొట్ట మాత్రం
తియ్యొద్దంది.
ఎవరు పెట్టిన సొట్టో చెప్పలేదు,
నేనూ అడగలేదు.

చెక్కపెట్టెకి మేకులు కొట్టేముందు
లోపలి పలకమీద రాశాను:
"స్టార్టవకపోతే పక్కకి వంచి,
కాసేపాగి, కిక్కు కొట్టాలి."

ఆ దేశంలో తెలుగు ఎవరు చదువుతారని
కుర్రాడు నవ్వాడు.

డిక్కీలో దొరికిన సుద్దముక్కతోనే రాశాన్రా.
ఆవిడ చదువుతుంది.