మూడో తరగతిలో మంచం

ఇస్కూల్లో నాను కాలెట్టడం
డెబ్బయ్యారో ఏట.
గడప దాటినానని చెప్పలేను.
చక్రాల కుర్చీ దొర్లాలని గడపని ఉలితో చెక్కీసినారు.
ముగ్గురే గుంటలు మిగిలినారని
కాశీనగరం తెలుగు బడి మూసీసి నాలుగేళ్లు.
సున్నమేసి, మంచాలేసి
మమ్మల్ని తెచ్చినారు.
నాది మూడో తరగతి, కిటికీ పక్క.

"ఏ క్లాసు మామ్మా?" అని
కూరల బండోడు ఎకసెక్కమాడతాడు.
"మూడు. పాసయితే నాలుక్కెళ్తాను."
నాలుగులో
మంచం మీంచి లేవలేనోళ్లుంటారు.

చిన్నగుంటలకి కట్టిన కుళాయిలు
మోకాలెత్తులోనే ఒగ్గేసినారు.
అందరూ తిట్టుకుంటారు గానీ
నా నడుం ఎప్పుడో ఒంగిపోనాది,
నాకు కొలిచి పెట్టినట్టున్నాయి.

వంశధార పొంగిన వారం గోడ చెమర్చింది.
మూడు పొరల సున్నం పెచ్చులూడి
మేకుతో గోకిన గీతలు తేలినాయి,
గీతగీతకీ పక్కన ఏదో రాత.
ఝునూని అడిగితే దానికి ఒడియా తప్ప రాదు.
ఐదో తరగతి మంచం మాగుణి బెహరాది,
ముప్పయ్యేళ్లు టపా పంచినాడు.
తెలుగు చదువుతాడు, పేర్లూ ఊళ్లూ మట్టుకే.
కవరు లోపలేముందో ఆయనకెందుకు?
కళ్లజోడు తుడుచుకుని గోడని చదివినాడు:
"బొమ్మాళి లింగరాజు.
కొరికాన సూరీడు.
పిన్నింటి దాలయ్య, ఐదు."

దాలయ్య మా తమ్ముడు.
ఆడు లోపల కూకుంటే
ఆడి తరవాతోణ్ని సంకనేసుకుని
ఈ కిటికీ అవతల ఎండలో నిలబడీదాన్ని.
ఎక్కాలు బయటికి వినబడీవి.
ఏడో ఎక్కం కాడ చంటోడు ఏడిచీవోడు.
అంచేత ఏడు రాదు నాకు,
ఎనిమిదొచ్చును.

గోడకి వీపానించి నిలబడినాను.
మాగుణి నా నెత్తిన చెయ్యి పరిచి
దాలయ్య గీత కేసి చూసినాడు.
"సమానం" అన్నాడు.

పుట్టినోళ్లు దక్కక
చేటడు తవుడికి నన్నమ్మి మళ్లీ కొన్నారంట,
అందుకే తవిటమ్మని.
ఇన్నాళ్లూ ఆ పేరు వేలిముద్రే.
ఏ కవరు మీదా రాలేదు,
మాగుణి చేతికీ కొత్తే.
మందుల వేళలు రాసీ నల్లబల్ల కాడి సుద్దముక్క తెచ్చి
తడిగోడ మీద కూడబలుక్కుంటా రాసినాడు.
రెండో అక్షరం కాడ ఆగి
"వ-కి గుడి పెట్టాలి" అన్నాడు.
"అమ్మోరికి గదేటి గుడి?" అన్నాను.
నవ్వుకి సుద్ద విరిగిపోనాది.

ఎండ కాస్తే సున్నమేసీవోళ్లొస్తారంట.
రానీ.
చలికాలానికి
నాను ఇంకో వేలెడు దిగుతాను,
కొత్త సున్నం మీద గీత బాగా కనపడతాది.